అదనపు దెబ్బలు తీసేయకండి: మన క్రోకే లీగ్ నిర్వాహక సంఘానికి బహిరంగ లేఖ

తార్నాక, హైదరాబాద్

క్రోకే లీగ్ నిర్వాహక సంఘ అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, సభ్యులందరికీ నమస్కారాలు.

గత ఆదివారం పార్కు గేటు పక్కనున్న బోర్డుకు మీరు అంటించిన ప్లేఆఫ్ (లీగ్‌లో మొదటి నాలుగు జట్లు ఆడే సెమీఫైనల్స్, ఫైనల్) నిబంధనల కాగితాన్ని నేను నాలుగుసార్లు చదివాను. మొదటిసారి కళ్లజోడు లేకుండా చదివి, లీగ్‌లో బలహీన పక్షానికి ఇస్తున్న అదనపు దెబ్బలు ప్లేఆఫ్‌లోనూ ఉంటాయని అర్థం చేసుకొని సంతోషంగా ఇంటికి వెళ్లాను. సాయంత్రం కళ్లజోడు పెట్టుకొని వచ్చి చూస్తే, ఉండవని ఉంది. మిగతా రెండుసార్లు మీ మీద గౌరవం కొద్దీ, నేనే ఎక్కడో పొరబడి ఉంటానన్న అనుమానంతో చదివాను.

నేను ఏడో వీధి జట్టు సారథిని. 31 సంవత్సరాలు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. ఈ విషయం సంఘం సమావేశంలో నోటిమాటగా చెప్పి ఊరుకోవచ్చు. కానీ మన సమావేశాల్లో సమోసాలు వచ్చాక ఎవరి మాటా ఎవరికీ వినిపించదని మీకూ తెలుసు. పైగా ఈ నిబంధనలు తొమ్మిది వీధుల తొమ్మిది జట్లకు, 36 మంది ఆటగాళ్లకు, వారి ఆట చూడడానికి ప్రహరీ గోడ ఎక్కి కూర్చునే పిల్లలకు కూడా సంబంధించినవి. అందుకని అందరూ చదివేటట్టుగా రాస్తున్నాను.

కాలనీకి కొత్తగా వచ్చినవారి కోసం ముందు రెండు మాటలు చెప్పాలి. క్రోకే అంటే గడ్డి మైదానంలో తిరగేసిన U ఆకారంలో వంచి పాతిన ఆరు ఇనుప కమ్మీల లోంచి, పొడవాటి పిడి ఉన్న కొయ్యసుత్తితో బంతిని కొట్టి దాటించే ఆట. మనం ఆడేది అందులో గోల్ఫ్ క్రోకే అనే పద్ధతి. నీలం, ఎరుపు, నలుపు, పసుపు బంతులు అదే వరసలో ఒక్కొక్క దెబ్బ చొప్పున ఆడతాయి. నీలం, నలుపు ఒక పక్షం, ఎరుపు, పసుపు మరో పక్షం. ఒక కమ్మీని ఎవరి బంతి ముందు దాటితే వారికి ఒక పాయింటు. వెంటనే అందరూ తరువాతి దానికి కదలాలి. 13 పాయింట్ల ఆటలో ముందుగా 7 సాధించినవారిది గెలుపు. ఆరింటినీ ఒకసారి ఒక దిశలో, మరోసారి ఎదురు దిశలో దాటాక లెక్క 6-6 దగ్గర నిలిచిపోతే, మళ్లీ మూడోదాని దగ్గరికే వెళ్లి తేల్చుకోవాలి. ఇంగ్లిషువారు హూప్ అనే ఆ కమ్మీని మనం కమాను అంటున్నామంటే, అది చార్మినార్ దగ్గర చార్ కమాన్ పక్క సందుల్లో పెరిగిన ఒకటో వీధి పెద్దాయన చలవ. అక్కడ నాలుగే, మన దగ్గర ఆరు అని ఆయన ఇప్పటికీ కొత్తవారితో గొప్పగా చెబుతుంటారు.

పార్కు కాపలాదారు మాత్రం మొదటినుంచీ దీన్ని సుత్తి ఆట అనే అంటాడు. ఆ మాటకున్న రెండో అర్థం అతని మనసులో ఉందో లేదో గాని, ఒక్క బంతి చుట్టూ నలుగురు పెద్దమనుషులు నిలబడి అది కమాను దాటిందా లేదా అని ఇరవై నిమిషాలు వాదించుకున్న రోజున ఆ రెండో అర్థమే చక్కగా అతికింది. ఈ లేఖ చివరికి వచ్చేసరికి మీకూ అదే మాట తోచవచ్చు; ముందే క్షమించమని కోరుతున్నాను.

అయిదో వీధిలో ఒక ఇంటి అమ్మాయి విదేశం నుంచి తెచ్చిన ఒక్క క్రోకే సామాను పెట్టెతో నాలుగేళ్ల కిందట ఈ ఆట మొదలైంది. ఒక్క పెట్టె చాలకపోతే రాణిగంజ్‌లో ఇనుప కడ్డీలు కొని వెల్డింగ్ దుకాణంలో వంపించాము. మంచాలు, కుర్చీలు చేసే వడ్రంగి చేత టేకుతో సుత్తులు చేయించాము. లేత్ మీద చెక్క బంతులు తిప్పించి రంగులు వేయిస్తే అవి ఏటికొప్పాక బొమ్మల్లా మెరిసిపోయి, మొదటి వానకే రంగు వదిలేశాయి. నియమం ప్రకారం మైదానం 35 గజాల పొడవు, 28 గజాల వెడల్పు ఉండాలి. బల్లలు, ఉయ్యాలలు, కానుగ చెట్లు పోగా మన పార్కులో మిగిలింది 25 గజాలు, 20 గజాలే. అయిదుకు నాలుగు నిష్పత్తి చెడకుండా, కమాన్ల దూరాలన్నీ అదే లెక్కన తగ్గించి సున్నంతో గీత గీసింది నేనే కనుక, ఆ ఒక్క విషయంలో నాకు కొంత గర్వం ఉందని ఒప్పుకుంటాను.

మొదటి సీజన్ మూడో వారానికే మనకొక చిక్కు వచ్చిపడింది, మీకు గుర్తుండే ఉంటుంది. క్యారమ్స్‌లో చేయి తిరిగిన ఇంజనీరింగ్ కుర్రాళ్లిద్దరు వచ్చినవారినల్లా 7-0, 7-1 తేడాతో ఓడించి పంపసాగారు. తప్పు వారిది కాదు. కానీ అలా ఓడిన పెద్దవాళ్లు ఒకరికి మోకాలి నొప్పి, ఒకరికి పెళ్లి పిలుపు, ఒకరికి గ్యాస్ బండ రావడం అంటూ మెల్లగా రావడం మానేశారు. నాలుగో ఆదివారం నాడు మైదానంలో ఆ ఇద్దరు కుర్రాళ్లు, నేను, ఒక కుక్క మిగిలాము. అప్పుడు ఇదే సంఘం, అంటే మీరే, ఇతర దేశాల క్లబ్బుల్లో ఎప్పటినుంచో ఉన్న హ్యాండిక్యాప్ పద్ధతిని మన కొలతకు సరిపోయేటట్టు మార్చి తెచ్చారు. ప్రతి ఆటగాడికీ ఒక అంకె ఇచ్చారు. రెండు పక్షాల అంకెల మధ్య తేడాను బట్టి బలహీన పక్షానికి ఒకటో, రెండో, మూడో అదనపు దెబ్బలు ఇస్తాము. తన వంతు ఆడిన వెంటనే, అదే బంతితో, తనకు నచ్చిన సమయంలో ఆ దెబ్బను వాడుకోవచ్చు. దానితో బంతిని మంచి చోటికి చేర్చుకోవచ్చు, ఎదుటివారి బంతిని దూరంగా తరిమేయవచ్చు గాని, ఆ దెబ్బ మీద పాయింటు మాత్రం రాదు.

లెక్కల టీచరుగా చెబుతున్నాను, ఈ చివరి షరతులోనే అందమంతా ఉంది. అదనపు దెబ్బ ఎవరినీ గెలిపించదు. గెలిచే అవకాశం దాకా తీసుకువెళ్లి అక్కడ వదిలేస్తుంది. పైగా దాన్ని ఎప్పుడు ఖర్చు పెట్టాలన్నది పూర్తిగా ఆటగాడి తెలివి. రెండో కమాను దగ్గరే ఆవేశపడి వాడేసినవాడు, పదో తారీఖుకే జీతం అయిపోయిన గుమాస్తాలాగా చివరి కమాన్ల దగ్గర దిక్కులు చూస్తాడు. ఇచ్చేవాడికీ పని పెరుగుతుంది: ఎదుటివారి దగ్గర ఇంకా ఒక దెబ్బ దాగి ఉందని తెలిసినప్పుడు, కమాను ముందు బంతిని ఊరికే ఆపి నిశ్చింతగా ఉండలేము. ఇది బలహీనులకు వేసే భిక్ష అనుకునేవారు ఇటువైపు నిలబడి ఒక్కసారి ఆడి చూస్తే తెలుస్తుంది.

చిన్నప్పుడు మనందరం ఆటలో అరటిపండును చూసినవాళ్లమే. చిన్నపిల్లో, చుట్టపుచూపుగా వచ్చిన పిల్లవాడో ఆటలోకి వస్తానని ఏడిస్తే, సరే రమ్మని చేర్చుకుంటాము. వాడు పరిగెత్తుతాడు, కేరింతలు కొడతాడు, కానీ వాడిని ముట్టుకున్నా అవుట్ కాదు, వాడు ముట్టుకున్నా లెక్క లేదు. అదనపు దెబ్బలు ఇవ్వడమంటే పెద్దవాళ్లనీ, పిల్లల్నీ అరటిపండ్లుగా చేయడమేనని మీలో ఒకరు నాతో అన్నారు. నాకు సరిగ్గా దానికి విరుద్ధంగా కనిపిస్తుంది. ఆ దెబ్బలు ఉన్నంతకాలం పన్నెండేళ్ల పిల్లతో ఓడిపోతే ఓడిపోయినట్టే, సాకు లేదు. అవి తీసేసిన రోజున ఆ పిల్ల మైదానంలో ఉన్నా లేకపోయినా ఫలితం ఒక్కటే. అరటిపండు అంటే అదే కదా!

ఈ సీజన్‌లో రెండో వీధి జట్టుతో మేము ఓడిన ఆట గురించి ఇక్కడ చెప్పాలి. మా పక్షాన నేను నీలం, నా మనవడు నలుపు. అటు ఎరుపు బంతి 74 ఏళ్ల తాతయ్య గారిది, పసుపు వారి కోడలిది. వారికి మేము మూడు అదనపు దెబ్బలు ఇవ్వవలసి ఉండగా, రెండు మధ్యలోనే అయిపోయాయి. లెక్క 6-6. మిగిలింది పదమూడో పాయింటు, అంటే మూడో కమాను. నేను నా నీలం బంతిని సరిగ్గా దాని నోటి ముందు, అడుగు దూరంలో, తిన్నగా ఆపాను. అంతకన్నా మంచి దెబ్బ నేను ఈ నాలుగేళ్లలో కొట్టలేదు. తరువాతి వంతు తాతయ్య గారిది. ఆయన బంతి దాదాపు పది గజాల దూరంలో ఉంది. శుక్లాల ఆపరేషన్ అయిన కంటితో చాలాసేపు చూసి, సుత్తిని రెండుసార్లు గాలిలో ఊపి కొట్టారు. ఎరుపు బంతి నా బంతికి జానెడు దూరంలోంచి వెళ్లి, రెండు గజాలు దాటి ఆగింది. గోడ మీద పిల్లలు అయ్యో అన్నారు. మా మనవడు తన వంతు అనుకొని సుత్తి తీసుకొని ముందుకు వచ్చాడు. తాతయ్య గారు తొందరేమీ లేకుండా చూపుడువేలు పైకెత్తి, ఇంకొకటి ఉంది నాయనా అన్నారు.

ఆయన మొదటి దెబ్బ తగలలేదని మేమంతా అనుకున్నాము గాని, ఆయన కొట్టింది తగలడానికి కాదు, దగ్గరికి రావడానికి. ఇక రెండు గజాల దూరం నుంచి నా నీలాన్ని టక్కున కొట్టి గీత దాకా పంపించేశారు. మా మనవడు ఏటవాలుగా ప్రయత్నిస్తే నల్ల బంతి కమాను కాలికి తగిలి వెనక్కి వచ్చింది. పది అడుగుల దూరంలో ఎప్పటినుంచో ఎవరూ పట్టించుకోకుండా ఉన్న పసుపు బంతిని ఆ కోడలు తన మామూలు వంతులో, మామూలు దెబ్బతో దాటించేసింది. 7-6. ఆ రోజు ఓడిన తరువాత నేను ఇంటికి వెళ్లి, రాత్రి పడుకునే ముందు కూడా ఆ ఆటనే మళ్లీ మళ్లీ ఆడుకున్నాను. పదమూడో పాయింటు దాకా ఒక దెబ్బను దాచుకోగలిగిన ఆ ఓర్పు ప్రతిభ కాకపోతే, ప్రతిభ అంటే ఏమిటో మీ కాగితంలో నిర్వచించి ఉండవలసింది.

మీ వాదన నాకు అర్థం కాకపోలేదు. లీగ్ దశలో సరదాగా ఆడవచ్చు, ప్లేఆఫ్‌లో మాత్రం అసలైన ప్రతిభ తేలాలి అన్నది మీ ఉద్దేశం. అయితే ఈ నాలుగు జట్లు ప్లేఆఫ్ దాకా ఎలా వచ్చాయి? తొమ్మిది జట్లు ఒకదానితో ఒకటి ఆడితే 36 పోటీలు. ఆ 36 పోటీలూ అదనపు దెబ్బలతోనే జరిగాయి. పట్టికలో ప్రతి అంకె వెనుకా అవి ఉన్నాయి. ఏడాదంతా లాగ్ టేబుల్ చేతికిచ్చి లెక్కలు చేయించి, పబ్లిక్ పరీక్ష నాడు హాలు గుమ్మం దగ్గర దాన్ని లాక్కుంటే, ఆ పరీక్షలో తేలేది పిల్లవాడి లెక్కల జ్ఞానం అని ఏ ఉపాధ్యాయుడూ అనడు. విస్తరి వేసి, నీళ్లు చల్లి, అన్నం వడ్డించాక పప్పు గిన్నె వచ్చే వేళకు ఆకు లాగేసినట్టుగా ఉంది ఈ నిర్ణయం.

ఇందులో నా స్వార్థం ఉందని ఎవరైనా అనుకుంటే, పట్టిక ఒకసారి చూడమని మనవి. మొదటి స్థానంలో ఉన్నది మా ఏడో వీధి జట్టే. సెమీఫైనల్‌లో నాలుగో స్థానంలో ఉన్న రెండో వీధి వారితో, అంటే ఆ తాతయ్య గారితోనే, మేము ఆడాలి. మీ కాగితం అమలైతే ఆ మూడు దెబ్బలు ఇవ్వనక్కర్లేక లాభపడేది మేము, నష్టపోయేది వారు. మా మనవడు మీ నిర్ణయాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాడు, ఈ లేఖ రాయవద్దని నన్ను బతిమాలాడు కూడా.

అసలైన ప్రతిభ తేలాలనే కోరిక ఉన్నవారికి ఒక దారి ఉంది. ఫిబ్రవరిలో ఏదో ఒక ఆదివారం, ఎవరికీ అదనపు దెబ్బలు లేని సింగిల్స్ పోటీ ఒకటి విడిగా పెట్టండి. పేరు ఇచ్చిన వారందరినీ ఆడనివ్వండి. ఆ క్యారమ్స్ కుర్రాళ్లిద్దరూ ఒకరితో ఒకరు తలపడితే చూడడానికి ముందు వరసలో కుర్చీ వేసుకొని కూర్చునేది నేనే. దానికి వేరే పేరు, వేరే బహుమతి పెట్టండి. లీగ్ ప్లేఆఫ్ జోలికి మాత్రం రాకండి.

కాగితంలో రెండో ముఖ్య విషయం కమాన్లను ఇరుకు చేయడం. ప్రామాణికమైన క్రోకే బంతి అడ్డుకొలత 3 అంగుళాల 5/8, అంటే సుమారు 92 మిల్లీమీటర్లు. బరువు 16 ఔన్సులు. మన కమాన్ల లోపలి వెడల్పు ఇప్పుడు 4 అంగుళాలు. అంటే రెండు పక్కలా కలిపి దాదాపు తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల సందు ఉంది. మీరు దాన్ని 3 అంగుళాల 3/4కి తగ్గిస్తామంటున్నారు. అప్పుడు మిగిలే సందు 3 మిల్లీమీటర్లు. పెద్ద పోటీల్లో ఇంతకన్నా ఇరుకు కమాన్లే వాడతారు, నిజమే. కానీ అక్కడి బంతులన్నీ ఒకే అచ్చులో పోసినవి, మనవి అలా కావు. పోయిన వారం స్టీలు స్కేలు, రెండు చెక్కముక్కలు పెట్టి నేను కొలిచి చూస్తే, మన చెక్క బంతుల్లో ఒకటి ఒక అడ్డంగా 92, మరో అడ్డంగా 95 మిల్లీమీటర్లు ఉంది. వానకు నాని, ఎండకు ఆరి, మళ్లీ నాని అది గుండ్రదనం మీద ఆశ వదులుకుంది. అటువంటి బంతి కొత్త కమానులో ఇరుక్కుంటే దాన్ని పీకడానికి మళ్లీ రాణిగంజ్ వెళ్లాలి. విదేశీ పెట్టెలోని నాలుగు బంతులతో ఫైనల్ ఒక్కటే ఆడితే ఇరుకు కమాన్లకు నాకు అభ్యంతరం లేదు. ఆ మాట మాత్రం కనీసం పదిహేను రోజుల ముందు చెప్పండి, అందరూ సాధన చేసుకుంటారు.

ఈ మార్పులన్నిటి వల్లా ఆట ప్రతిష్ఠ పెరుగుతుందని కాగితం చివర రాశారు. ప్రతిష్ఠ విషయంలో క్రోకే చరిత్ర కొంచెం నవ్వు పుట్టించేదే. ఒలింపిక్స్‌ను మించిన ప్రతిష్ఠ ఏ ఆటకైనా ఏముంటుంది? 1900లో పారిస్ ఒలింపిక్స్‌లో క్రోకే ఉంది. ఆడినవారు దాదాపు అందరూ ఫ్రాన్సు దేశస్థులే, టికెట్ కొని చూడడానికి వచ్చినవాడు ఒకే ఒక్కడని చెబుతారు. ఆ లెక్కన, వేరుశనక్కాయల బండి అబ్బాయిని కలుపుకోకుండానే, మన పోయిన ఏడాది ఫైనల్ ఒలింపిక్స్‌కు ఎన్నో రెట్లు. అయితే ఆ పారిస్ పోటీలో మగవారితో పాటు స్త్రీలు కూడా ఆడారన్నది మాత్రం నేను గౌరవంతో గుర్తుపెట్టుకున్న విషయం. ఇక వింబుల్డన్ క్లబ్బు 1868లో పుట్టింది క్రోకే కోసమే. టెన్నిస్ తరువాత వచ్చింది. అక్కడి మొదటి టెన్నిస్ పోటీ 1877లో జరిగింది. గడ్డి చదును చేసే రోలర్ మరమ్మతుకు డబ్బు కావలసివచ్చి ఆ పోటీ పెట్టారనే కథ ఒకటి ప్రచారంలో ఉంది. కొన్నాళ్లకు క్లబ్బు పేరులోంచి క్రోకే అనే మాటే తీసేశారు; 1899లో మళ్లీ చేర్చారు గాని, ఈసారి టెన్నిస్ తరువాతే. మన రోలర్ కూడా రెండు నెలలుగా ఇరుసు విరిగి గోడ పక్కన పడి ఉందని ఈ సందర్భంగా గుర్తుచేస్తున్నాను. దానికోసం ఇంకో ఆట మొదలుపెట్టే ఆలోచన దయచేసి చేయకండి.

తేదీల విషయం. సెమీఫైనల్స్‌ను సంక్రాంతి సెలవుల్లోని ఆదివారం పెట్టారు. ఆ రోజుల్లో తార్నాక చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగవలసిన అవసరమే ఉండదు, ఊరంతా అంత ఖాళీ అవుతుంది. నాలుగు జట్లలో మూడు జట్ల వారికి ఊళ్లకు టికెట్లు ఎప్పుడో బుక్ అయి ఉన్నాయి. గణతంత్ర దినం తరువాతి ఆదివారానికి జరిపితే అందరికీ వీలవుతుంది. అంతకన్నా ఆలస్యం చేస్తే వేప, కానుగ ఆకు రాల్చడం మొదలుపెడతాయి. ఎండుటాకు మీదుగా వెళ్లిన బంతి ఎటు తిరుగుతుందో కొట్టినవారికి కూడా తెలియదు.

వేళ మాత్రం తేదీ కన్నా ముఖ్యం. ఫైనల్ సాయంత్రం అయిదింటికి అని ఉంది. ఫిబ్రవరి మొదట్లో హైదరాబాద్‌లో ఆరుంబావు ప్రాంతంలో పొద్దు గుంకుతుంది. ఒక్క 13 పాయింట్ల ఆటకే ముప్పావుగంట పడుతుంది. మీరు మూడు ఆటల్లో రెండు గెలవాలని పెట్టారు. రెండో ఆట సగంలో ఉండగానే మసక చీకటి పడుతుంది. మసక చీకట్లో ఎరుపు, పసుపు తేలిగ్గానే తెలుస్తాయి. నీలం, నలుపు తెలియవు. ఆ రెండూ ఒకే పక్షం బంతులు! నీలం ఆడవలసినవారు పొరబాటున నలుపును కొడితే తప్పు బంతి ఆడినట్టు లెక్క. అంటే చీకటి వల్ల కలిగే నష్టం ఎప్పుడూ ఒకే పక్షానికి. టాస్ గెలిచినవారు మొదటి వంతు కోసం నీలం, నలుపు తీసుకుంటారు కనుక, టాస్ గెలిచినందుకే శిక్ష పడుతుంది. ఉదయం పెడితే మంచిది, అయితే మరీ ఆరున్నరకు వద్దు. మంచు తడి ఆరని గడ్డి మీద బంతి నాలుగు గజాలు వెళ్లి కూర్చుంటుంది. ఎనిమిదింటికి మొదలుపెడితే పదకొండులోపు బహుమతి కూడా ఇచ్చేయవచ్చు.

ప్రేక్షకులు మౌనంగా ఉండాలనే నిబంధనతో నేను సగం ఏకీభవిస్తాను. మైదానంలో అందరికన్నా పెద్ద గొంతు నాదేనని తెలిసే ఈ మాట అంటున్నాను. సుత్తి పైకెత్తిన క్షణం నుంచి బంతి ఆగేదాకా మౌనం ఉండవలసిందే. ఆ తరువాత నవ్వుకోవడాన్నీ, ఎగతాళి చేసుకోవడాన్నీ ఆపలేరు, ఆపకూడదు. అయితే సలహా వేరు, ఛలోక్తి వేరు. డబుల్స్‌లో జోడీలోని ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోవచ్చు గాని బయటివారు ఆటగాడికి సలహా ఇవ్వకూడదన్నది ఆటలో ఉన్న నియమమే, దాన్ని గట్టిగా అమలు చేయండి. బల్ల మీద కూర్చొని పత్రిక చదువుతున్నట్టు నటిస్తూ, సరిగ్గా తమ వీధివారి వంతు వచ్చినప్పుడే మందుల దుకాణం ఎడమవైపే కదా అని పక్కవారిని గట్టిగా అడిగే పెద్దమనిషిని ముందు పిలిచి హెచ్చరించండి.

ఆటగాళ్లు తెల్లబట్టలే వేసుకోవాలన్న నిబంధన గురించి పెద్దగా చెప్పను. గరిక మరక తెల్లబట్ట మీద నుంచి పోదు, అంతే. కానీ అక్కడే ప్యాంటు, టీషర్టు అని కూడా రాశారు. మన ఆటగాళ్లలో చీరతో ఆడేవాళ్లం పదకొండు మందిమి ఉన్నాము. కాళ్లు ఎడంగా పెట్టి మధ్య నుంచి సుత్తి ఊపే పద్ధతి మాకు కుదరదు కనుక పక్క నుంచి ఊపుతాము. పొడుగు గౌన్ల కాలంలో ఇంగ్లిషు స్త్రీలు కూడా అలాగే ఆడేవారు. నాకు ఈ వయసులో కొత్తగా ప్యాంటు అలవాటు చేయడం కన్నా ఆ వాక్యం కొట్టేయడం మీకు సులభం.

మీ కాగితంలో ఉన్న నగదు బహుమతి మాత్రం వద్దే వద్దు. గెలిచిన జట్టుకు రవ్వలడ్లతో నింపిన ఇత్తడి చెంబు, అట్టడుగున నిలిచిన జట్టుకు వంకరపోయిన పాత కమాను, సెమీఫైనల్ ఓడినవారి చేతి మిరపకాయ బజ్జీలు, ఇవే మన సంప్రదాయాలు. మన పోటీల్లో ఇప్పటిదాకా అంపైరు లేడు. బంతి కమాను దాటిందా లేదా అన్నది ఆడేవాళ్లే చూసుకొని చెబుతారు. నేను ముందు చెప్పిన ఆ ఇరవై నిమిషాల వాదనలో కూడా చివరికి తేల్చింది నా స్టీలు స్కేలు. కమాను రెండు కాళ్లకూ, బంతి లోపలికి వెళ్లిన వైపు ఆనించి పెడితే, బంతి అంచు వెంట్రుకవాసి స్కేలుకు తగిలింది. దాటలేదని మొదట ఒప్పుకున్నది ఆ బంతి కొట్టిన అబ్బాయే. చెంబెడు లడ్ల కోసం నిజం చెప్పడం తేలిక. దాని స్థానంలో నోట్ల కట్ట పెడితే తొండికి తలుపు తీసినట్టు అవుతుంది, ఆపైన అంపైరును పెట్టాలి, ఆయనకు మళ్లీ రుసుము ఇవ్వాలి.

అందుచేత సంఘం వారిని నేను కోరేది ఇది. ప్లేఆఫ్ మూడు పోటీల్లోనూ లీగ్‌లో ఉన్నట్టే అదనపు దెబ్బలు కొనసాగించండి, సెమీఫైనల్స్ తేదీ జరపండి, ఫైనల్ ఉదయం పెట్టండి. మిగతావాటిలో మీ ఇష్టం ఎలా ఉంటే అలా నడుచుకుంటాము, చీర సంగతి తప్ప. వచ్చే ఆదివారంలోగా సవరించిన కాగితం బోర్డు మీద కనిపిస్తే సంతోషం. ఈసారి అక్షరాలు కొంచెం పెద్దవిగా ఉంటే ఇంకా సంతోషం.

ఒకవేళ మీరు మీ మాట మీదే నిలబడితే, సెమీఫైనల్‌కు ముందు ఆ తాతయ్య గారి దగ్గరికి వెళ్లి, మా వైపు నుంచి ఆయనకు మూడు దెబ్బలు ఉన్నాయని నేనే చెబుతాను. ఆయన వేలు ఎత్తిన మూడుసార్లూ మా జట్టు తన వంతు ఆపుకొని నిలబడుతుంది. దాన్ని మీ రికార్డు పుస్తకంలో ఎలా రాసుకుంటారో మీరే నిర్ణయించుకోండి. మా మనవడిని ఇందుకు ఒప్పించే పని ఇంకా మిగిలి ఉంది. దానికి నా దగ్గర రవ్వలడ్లు ఉన్నాయి.

ఇట్లు,
మీ విధేయురాలు,
ఏడో వీధి జట్టు సారథి

తా.క.: మూడో కమాను ఎడమ కాలు మళ్లీ కదులుతోంది. పదమూడో పాయింటు తేలేది అక్కడే కనుక, నిబంధనల సంగతి తేలే లోపల ఎవరైనా వెళ్లి చుట్టూ మట్టి దిమ్మిస వేసి గట్టిపరచవలసిందిగా కోరుతున్నాను. దిమ్మిస మా ఇంట్లోనే ఉంది.